చెరపని పేరు

భాస్కరం కుడిచేతి వేళ్ళలో మూడు విరిగి ఉన్నాయి. చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు. మూడూ వెనక్కి, ఏ వేలూ వంగకూడని దిక్కుకు వంగి, ఉబ్బి నల్లబడ్డాయి. చూపుడువేలు మాత్రం మామూలుగా ఉంది.

ఫణిశ్రీ కారు కిటికీ దగ్గర వంగి, దేన్నీ ముట్టుకోకుండా ఆ చేతిని చూసింది. తరువాత తలను చూసింది. ఎడమ కణతకు పైన పుర్రె లోపలికి కుంగిపోయింది. రక్తం చెవి మీదుగా దిగి, చొక్కా కాలరులో ఇంకి, సీటు బెల్టు మీద గడ్డకట్టింది. బ్రేకు పెడలు పక్కన జాకీ రాడ్డు పడి ఉంది. దాని కొసకు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

ఆ రోజు కార్తీక సోమవారం. పట్టిసీమ రేవులో కార్లు దిగినవాళ్ళంతా లాంచీ ఎక్కి, గోదావరి నడుమ కొండ మీదున్న వీరభద్రుడి గుడికి వెళ్ళారు. భాస్కరం తల్లి మహాలక్ష్మమ్మ కూడా వెళ్ళింది. భాస్కరం మాత్రం గట్టు కింద తుమ్మచెట్ల వైపు ఆపిన తన ఎర్ర కారులోనే ఉండిపోయాడు. జనంలోకి వెళ్ళవద్దని అతనికి చెప్పింది ఫణిశ్రీయే. కారు దగ్గర ఎవరూ లేకపోవడం వల్లనే హంతకుడికి అంత తీరిక దొరికింది. తిరుగు లాంచీలో వచ్చిన తల్లి కొబ్బరిచెక్క చేతిలో పట్టుకుని కారు తలుపు తీసింది.

ఫణిశ్రీ పదిహేనేళ్ళు ఒక బీమా సంస్థలో క్లెయిములు పరిశోధించి, ఆపైన రాజమండ్రిలో సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టిన మనిషి. భాస్కరం ఆమెకు అప్పగించిన పని ఒక్కటే: అతని చెల్లెలు శ్రీదుర్గను బుధవారం దాకా ప్రాణాలతో ఉంచడం. దుర్గ భర్త పృథ్వీ ఒక లారీ డ్రైవరును తన ఇంటి పెరట్లోనే ఇనపకడ్డీతో కొట్టి చంపాడు. చూసిన మనిషి దుర్గ ఒక్కర్తే. పృథ్వీ జైల్లో ఉన్నాడు. బుధవారం నాడు దుర్గ కోర్టులో నోరు విప్పితే జైల్లోనే ఉంటాడు. విప్పకపోతే గురువారం బయటికొస్తాడు.

“చూశారు కదండీ మేడమ్,” అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విశ్వనాథ్, చేతికర్రతో కారు ముందు అద్దాన్ని చూపిస్తూ. “ఈ కార్తీకంలో ఇదే రేవులో పోయిన నాలుగో జీపీఎస్ ఇది, ఆ దారి చూపే యంత్రం. ముందరి వాటి దొంగ ఎవడో తెలిసిపోయింది. పార్కింగ్ చీటీలు కోసే బుల్లిబాబు. వాడింట్లో సామాను దొరికింది. ఇవాళ కారులో మనిషి నిద్రపోతున్నాడని చూసుకోలేదు. ఈయనకి మెలకువ వచ్చింది. పెనుగులాడాడు. వాడు కొట్టాడు. దీనికి డిటెక్టివ్‌లు అక్కర్లేదండి.”

“పెనుగులాటలో వేళ్ళు వరసగా విరుగుతాయాండి?”

“అంటే?”

“చిటికెనవేలితో మొదలుపెట్టాడు. ఒక్కో వేలికీ మధ్య కాసేపు ఆగాడు. వాపు చూడండి, చిటికెనవేలికి ఎక్కువ, మధ్యవేలికి తక్కువ. ప్రాణం పోయాక వాపు రాదు. కాబట్టి వేళ్ళు విరిగేటప్పుడు ఈయన బతికే ఉన్నాడు. తల మీద దెబ్బ ఆఖరిది.”

విశ్వనాథ్ వంగి చూశాడు. చూసినందుకు తన మీద తనకే విసుగు వచ్చినట్టు వెంటనే నిటారుగా నిలబడ్డాడు.

“సరే, ఏదో అడిగాడనుకుందాం. ఏం అడుగుతాడండి దొంగ?”

“యంత్రం తెరవడానికి నాలుగంకెల తాళం పెట్టుకోమని భాస్కరం గారికి నేనే చెప్పాను. ఆ నాలుగంకెలు అడిగాడు.”

“దొంగకి అవి కావాలి కదండి మరి. తాళం ఉన్న వస్తువు ఎవడు కొంటాడు?”

“కొనేవాడికి లోపల సమాచారం అక్కర్లేదు. మొత్తం తుడిచేసి, తాళం తీసేసి ఇచ్చే దుకాణాలు రాజమండ్రిలో కావలసినన్ని ఉన్నాయి. బుల్లిబాబు ఇంట్లో దొరికిన వాటికి స్టాండ్లు, ఛార్జింగ్ వైర్లు ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“ఇక్కడ చూడండి.”

అద్దానికి అతుక్కునే రబ్బరు కప్పు స్టాండుతో సహా అలాగే ఉంది. సిగరెట్ లైటరు రంధ్రంలో గుచ్చిన నల్లటి వైరు గేరు రాడ్డు మీద వేలాడుతోంది. యంత్రం ఒక్కటే లేదు.

“అమ్ముకునేవాడు వైరు వదలడు,” అంది ఫణిశ్రీ. “బ్యాటరీ ఉన్నంతసేపు చూసి, ఆపైన గోదాట్లో పారేసేవాడు వదులుతాడు. వీడికి కావలసింది యంత్రం కాదు. అందులో ఉన్న ఊరు.”

“ఏ ఊరు?”

దుర్గను మొదట దాచిన ఇంటి సంగతి ఒక పోలీస్ స్టేషన్‌లో చెప్పిన వారం లోపల ఆ ఇంటి మీద పృథ్వీ మనుషుల దాడి జరిగింది. కాపలా ఉన్న ముసలాయన కన్ను పోయింది. దుర్గ వెనక గోడ దూకి బయటపడింది. మాట ఎవరి నోటి నుంచి పొక్కిందో ఇప్పటికీ తేలలేదు. అందుకే రెండో చోటు భాస్కరానికి, ఫణిశ్రీకి తప్ప ఎవరికీ తెలియదు. గత రెండు నెలలుగా భాస్కరాన్ని అటు అడుగు పెట్టనివ్వలేదు. వెంబడించి వెళ్ళడానికి మనిషి కదలనప్పుడు, వెతికేవాడికి మిగిలేది ఆ మనిషి అంతకుముందు తిరిగిన జాడ. ఆ జాడ భాస్కరం కారు అద్దానికి అతుక్కుని ఊరంతా తిరుగుతోంది.

అతను యంత్రంలో ఆ ఇంటిని గుర్తు పెట్టుకోవడానికి కారణం ఉంది. ఆత్రేయపురం దాటి కాలవగట్ల మీద వెళ్ళే దారులు ఆ మ్యాపులో లేవు. గట్టు మీద కారు పోతుంటే తెర మీద బాణం గుర్తు వరిచేలో పోతున్నట్టు కనిపిస్తుంది. అందువల్ల ఈ ప్రాంతంలో కార్లున్నవాళ్ళు ఒకసారి గుమ్మం దాకా వెళ్ళి, కారు ఆపి, అక్కడే మీట నొక్కి ఆ చోటుకు ఒక పేరు పెట్టుకుంటారు. తరువాత ఆ పేరు ముట్టుకుంటే చాలు, యంత్రం గుమ్మంలో దింపుతుంది. యజమానినైనా, మరొకరినైనా.

“ఆ ఇంటిని యంత్రంలోంచి తీసెయ్యమని భాస్కరం గారికి రెండుసార్లు చెప్పాను,” అంది. “తీసేశారో లేదో తెలియదు. తీసెయ్యలేదన్న లెక్కమీదే నడవాలి మనం.”

“ఈయన నంబరు చెప్పాడంటారా?”

“చూపుడువేలు విరగలేదు. చెప్పాడు.”

“మూడో వేలికే ప్రాణం పోయి ఉండొచ్చు కదండి.”

“ప్రాణం పోయినవాణ్ణి జాకీ రాడ్డుతో ఎందుకు కొడతాడండీ? పని అయింది కాబట్టి కొట్టాడు.”

ఆమె పక్కకు వెళ్ళి మొబైల్లో ఒక నంబరు నొక్కింది. పూతరేకులు చుట్టి అమ్ముకునే తలుపులమ్మ ఇంటి ఫోను అది. దుర్గ దగ్గర మొబైల్ లేదు. ఉండకూడదని నిబంధన.

“అమ్మాయికివ్వండి తలుపులమ్మ గారూ.”

“రేకులు తీస్తందండి. చేతికి పిండుంది. ఏంటండి అంత కంగారు?”

“పిండి చేత్తోనే రమ్మనండి.”

దుర్గ గొంతు వినిపించేసరికి ఫణిశ్రీ కళ్ళు మూసుకుంది. బతికే ఉంది.

“దుర్గ గారూ, ఏమీ అడక్కుండా వినండి. ఒక సంచీలో రెండు చీరలు పెట్టుకుని, ఇప్పుడే ఆటో మాట్లాడుకుని బయలుదేరండి. రాజమండ్రిలో మా ఇంటికి వెళ్ళండి. పక్కింట్లో తాళంచెవి ఉంది, నేను ఫోన్ చేసి చెబుతాను. లోపల గడియ పెట్టుకోండి. ఫోను రెండుసార్లు మోగి ఆగి, మళ్ళీ మోగితేనే తియ్యండి.”

“అన్నయ్యకి తెలుసాండి?”

కారులో ఒరిగిన తల మీద ఒక ఈగ వాలింది. ఫణిశ్రీ దాన్ని చూస్తూ జవాబు ఆలోచించింది. నిజం చెబితే దుర్గ కదలదు, లేదా నేరుగా ఇక్కడికి వస్తుంది. రెండూ చావే.

“తెలుసు,” అంది.

ఫోను పెట్టేసరికి విశ్వనాథ్ వెనకే నిలబడి ఉన్నాడు.

“ఆ మనిషిని మీ ఇంటికి రమ్మన్నారు. స్టేషన్‌కి కాదు.”

“మీ స్టేషన్ల సంగతి మీకూ తెలుసు.”

“ఒక స్టేషన్‌లో ఒకడు అమ్ముడుపోతే పోలీసులందరం దొంగలమా? మీ ఇంటికి సెంట్రీ ఉన్నాడా, తుపాకీ ఉందా? మీ ఇంటి తలుపు స్టేషన్ తలుపు కంటే గట్టిదాండి?”

“మా ఇల్లు వాడికి తెలియదు. దానికంటే గట్టి తలుపు లేదు. దుర్గ గారు బయలుదేరుతున్నారు కాబట్టి ఆ పాత చోటు ఇప్పుడు మీకు చెప్పొచ్చు. ఆత్రేయపురం అవతల, తలుపులమ్మ గారిల్లు. మఫ్టీలో మనుషుల్ని పెట్టండి. వాడు అక్కడికే వస్తాడు.”

విశ్వనాథ్ వైర్లెస్‌లో ఆ మాట పంపించాడు. పంపించి తిరిగి వచ్చి, గొంతు తగ్గించి, ఈసారి వెటకారం లేకుండా అడిగాడు.

“ఒక్కటి చెప్పండి. రక్తం ఆరిన తీరు చూస్తే తొమ్మిదింటికి చంపాడు. నంబరు చేతిలో ఉంది, యంత్రం చేతిలో ఉంది, గుమ్మం దాకా దారి చూపిస్తుంది. ఎంత నింపాదిగా పోయినా పదకొండింటికి ఆత్రేయపురంలో ఉండాలి. ఇప్పుడు పన్నెండున్నర. మీరు ఆ అమ్మాయితో మాట్లాడారు. రేకులు తీసుకుంటోంది. మీ లెక్క ప్రకారం ఆవిడ చచ్చిపోయి గంటన్నర కావాలి. ఎందుకు చావలేదండి?”

ఫణిశ్రీ తన లెక్కను మొదటి నుంచి మళ్ళీ చూసుకుంది. ప్రతి మెట్టూ సరిగ్గానే ఉంది, ఆఖరి మెట్టు ఒక్కటే గాలిలో వేలాడుతోంది. అలా వేలాడిన లెక్కను బీమా ఉద్యోగంలో ఆమె ఎప్పుడూ సంతకం పెట్టి పంపలేదు.

“అందుకే అంటున్నాను,” అన్నాడు విశ్వనాథ్. “వాడు దొంగ. వైరు కంగారులో మర్చిపోయాడు. వేళ్ళు కసి కొద్దీ విరిచాడు.”

శవాన్ని దింపి పంచనామా రాసి ముగించేసరికి గంట పైనే పట్టింది. పోలీసులు వచ్చేసరికే కారు దగ్గర ఉన్న మనిషిగా ఫణిశ్రీ సాక్షి సంతకం పెట్టేదాకా విశ్వనాథ్ ఆమెను కదలనివ్వలేదు. ఆ మధ్యలో వైర్లెస్‌లో ఆత్రేయపురం నుంచి కబురు వచ్చింది. దుర్గ వెళ్ళిపోయింది. కొత్తవాడెవడూ రాలేదు. పొద్దుటి నుంచీ ఆ గట్టు మీదికి కారుగాని వ్యానుగాని రాలేదని కాలవ లాకుల దగ్గర మనిషి చెప్పాడు.

చీటీల షెడ్డులోంచి లాఠీ చప్పుడు, దాని వెంట మనిషి అరుపు వినిపిస్తున్నాయి. ఫణిశ్రీ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. బుల్లిబాబును బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, కాళ్ళు రెండూ కట్టి, ఒక కానిస్టేబులు అరికాళ్ళ మీద కొడుతున్నాడు. పాదాల చర్మం పగిలి, బల్ల కింద మట్టిలో రక్తం చిన్న మడుగు కట్టింది. కింది పెదవి చీలి వేలాడుతోంది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, వీడి నోరు పనికిరాకుండా చేస్తే మనకే నష్టం,” అంది.

విశ్వనాథ్ చెయ్యి ఊపాడు. లాఠీ ఆగింది. ఆమె స్టూలు లాక్కుని బుల్లిబాబు ముఖానికి ఎదురుగా కూర్చుంది.

“పాతవి తీసింది నువ్వేనా?”

“ఆయ్, నేనేనండి. అబద్ధమెందుకండి. ఇయ్యాల్టిది మాత్రం కాదండి. మా పిల్ల మీద ఒట్టండి.”

“కారులో జీపీఎస్ ఉందని నీకు ఎలా తెలుస్తుంది? అందరూ లోపల దాచి వెళతారు కదా.”

“దాచుతారండి. పసుపు కుంకం సంచీ కింద పెట్టి, డాష్‌బోర్డు మూసేత్తారండి. అద్దం మీద గుండ్రటి మచ్చుంటదండి, ఆ రబ్బరుది. అది తుడవరండి. తుడిస్తే నాకు తెలీదండి.” పెదవి నుంచి కారుతున్న రక్తాన్ని భుజానికి తుడుచుకున్నాడు. “లాంచీ కదిలిందంటే దరిశనం అయ్యేదాకా తిరిగి రారండి. నడిచొచ్చే దారి లేదు కదండి.”

“తీసినవన్నీ ఇంట్లోనే ఉంచావా?”

అతను కళ్ళు దించుకున్నాడు.

“ఒకటి అమ్మేనండి. నాలుగోది. మీకు దొరికిన మూడూ కాక ఇంకోటుందండి.”

విశ్వనాథ్ ఒక్క అడుగు ముందుకేశాడు. ఫణిశ్రీ చెయ్యెత్తి ఆపింది.

“ఎవరికి?”

“పేరు తెలీదండి. పోయిన సోమవారం వచ్చేడండి. నలభయ్యేళ్ళుంటాయి. పల్చగా ఉంటాడు. తెల్ల చొక్కా, చేతికి రాగి కడియం. మర్యాదస్తుడండి. నన్ను కూడా మీరు అన్నాడండి. నన్నెవరూ మీరు అనరండి.”

“ఏమి అడిగాడు?”

“ఇందులో కారాయన తిరిగిన ఊళ్ళన్నీ ఉంటాయా అనడిగేడండి. ఉంటాయండి అని చూపించేను. ఇల్లు, ఆఫీసు, అత్తారిల్లు, అన్నీ పేర్లు పెట్టుకుంటారు కదండి. ‘మరి తాళం పెట్టి ఉంటేనో’ అన్నాడండి.”

“నువ్వేమన్నావు?”

బుల్లిబాబు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“నవ్వులాటకన్నానండి. ‘తాళముంటే ఇంక దాన్ని అడిగి లాభం లేదండి, మనిషిని అడగాలండి’ అన్నాను. ఆయన కూడా నవ్వేడండి. ‘అలాగేనండి, మనిషినే అడుగుతాను’ అన్నాడండి.”

ఫణిశ్రీ స్టూలును ఇంకాస్త ముందుకు లాక్కుంది.

“తర్వాత?”

“ప్రతి సోమవారం వచ్చే కార్లేంటని అడిగేడండి. వచ్చే కార్లు నాకు తెలుసు కదండి. ఆ ఎర్రకారు చెప్పేనండి. ‘అమ్మగారు గుడికెళ్తారు, ఆయన మాత్రం కార్లోనే తొంగుంటాడు’ అని కూడా చెప్పేనండి. ఐదొందలిచ్చేడండి.” అతను ముఖాన్ని బల్లకు అదుముకున్నాడు. “చంపుతాడని నాకేం తెలుసండి.”

ఫణిశ్రీ లేచి విశ్వనాథ్ వైపు తిరిగింది.

“కంగారులో వైరు మర్చిపోయే మనిషేనా వీడు?”

“కాదు,” అన్నాడు విశ్వనాథ్. వెంటనే అన్నాడు, “కాని నా ప్రశ్న అలాగే ఉంది మేడమ్. ఇంత సిద్ధపడి వచ్చినవాడు ఆత్రేయపురం ఎందుకు వెళ్ళలేదు?”

షెడ్డు బయట వేపచెట్టు కింద మహాలక్ష్మమ్మ కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళు ఏటి నీళ్ళకు తడిసి, ఆరి, ఇసుకతో బిగుసుకున్నాయి. ఎవరో తెచ్చిన సోడా సీసా ఆమె ముందు అలాగే ఉంది. కారు తలుపు తీసినప్పటి నుంచి ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదని పక్కనున్న ఆడవాళ్ళు చెప్పారు.

ఫణిశ్రీ ఆమె ఎదుట నేల మీద కూర్చుంది. ఓదార్చే మాటలు ఆమెకు రావు. వచ్చినా ఇప్పుడు వేళ లేదు.

“అమ్మా, దుర్గ గారు క్షేమంగా ఉన్నారు. అలాగే ఉంచాలంటే నాకొక సంగతి తెలియాలి. జీపీఎస్‌లో దుర్గ గారి ఇంటి గుర్తు భాస్కరం గారు తీసేశారా?”

మహాలక్ష్మమ్మ తలెత్తింది. పిల్ల పేరు వినడంతో ఎక్కడి నుంచో తిరిగి వచ్చినట్టు కళ్ళలో కొంచెం కదలిక కనిపించింది.

“తీసేస్తానన్నాడండి. నేనే వద్దన్నాను.”

“ఎందుకమ్మా?”

“నా పక్కనే కూర్చుని నొక్కాడండి. దుర్గ అని దాని పేరు, కింద చెరిపెయ్యమంటారా అని అడుగుతోంది ఆ పెట్టె. నా గుండె గుభేలుమందండి. దాన్ని చంపడానికి తిరుగుతున్నారు, మనమే పేరు చెరుపుతామేంట్రా అన్నాను. బతికున్న పిల్ల పేరు ఎవరైనా చెరుపుతారాండి? పలక మీద రాసిన దేవుడి పేరే కళ్ళకద్దుకుని మరీ తడిగుడ్డతో తుడుస్తాం. మా ఇంటా వంటా లేదండి. ఒట్టు పెట్టించుకున్నాను.”

తన మాట వల్ల ఏమి జరిగిందో ఆమెకు ఇంకా తెలియదు. ఫణిశ్రీ చెప్పలేదు.

“అయితే ఆ ఇల్లు అలాగే ఉంది.”

“ఇల్లు లేదండి. పేరుంది.”

“అంటే?”

“నాకు ఆ మిషన్ల సంగతి తెలీదండి. మర్నాడు సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. ‘అమ్మా, నీ మాటా నిలబెట్టాను, ఆ డిటెక్టివ్ గారి మాటా నిలబెట్టాను. దుర్గ పేరు చెరపలేదు. ఆ పేరు మీద ఉన్న చోటు మార్చేశాను’ అన్నాడు. ఎక్కడికి మార్చావురా అంటే...” ఆమె ఆగి, ఆ నవ్వును గుర్తు చేసుకుంటున్నట్టు గాలిలోకి చూసింది. “‘ఆవిడింటి ముందే కారాపి నొక్కాను. ఎవడైనా దుర్గ కోసం వెళ్తే ఫణిశ్రీ గారి గుమ్మంలో తేలతాడు. ఆవిడైతే వాడి పని పడుతుంది’ అన్నాడండి.”

వెనకే నిలబడి విన్న విశ్వనాథ్ ఒక అడుగు ముందుకు వేశాడు.

వేలాడుతున్న మెట్టు వచ్చి తన చోట కూర్చుంది. భాస్కరం మూడు వేళ్ళు ఓర్చుకుని నాలుగంకెలు చెప్పేశాడు. ఆ అంకెల వల్ల చెల్లెలికి ఏమీ కాదని అతనికి తెలుసు కాబట్టే చెప్పాడు. హంతకుడు ఆత్రేయపురం వెళ్ళలేదు. దుర్గ అన్న పేరు ముట్టుకుని, యంత్రం చెప్పిన దారినే నడిచి, కొవ్వూరు వంతెన దాటి, తాళం వేసి ఉన్న ఒక ఇంటి ముందు ఆగాడు. ఇంట్లో మనిషి లేదు. లేని మనిషి ఎప్పటికైనా ఇంటికి వస్తుంది. వాడికి తొందర లేదు. వాడు పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు.

ఆ ఇంటికే ఆమె దుర్గను రమ్మంది.

“టౌన్ స్టేషన్‌కి చెప్పండి,” అంది. ఆ మాట పూర్తికాకముందే విశ్వనాథ్ జీపు వైపు పరుగెత్తాడు. ఇంతసేపు వాదించిన మనిషి, స్టేషన్ తలుపే గట్టిదన్న తన వాదం గెలిచిందని ఒక్క మాటతోనైనా గుర్తు చెయ్యలేదు. వైర్లెస్‌లో ఆమె ఇంటి గుర్తులు అరుస్తూ చెబుతున్నాడు. అవతలివాళ్ళు వీధి పేరు మళ్ళీ చెప్పమంటున్నారు.

ఫణిశ్రీ తన ఇంటి ఫోను నొక్కింది. రెండుసార్లు మోగనిచ్చి పెట్టేసింది. మళ్ళీ నొక్కింది. నాలుగో మోతకు అవతల రిసీవరు లేచింది.

“నేనేనండి, దుర్గని,” అంది తేలికైన గొంతు. “ఇప్పుడే వచ్చాను. గడియ పెట్టుకున్నాను. మీ పక్కింటివాళ్ళు మజ్జిగ కూడా ఇచ్చారు. ఒక్క నిమిషం ఉండండి, గుమ్మంలో మనిషొచ్చాడు, తలుపు తీసి వస్తాను.”

“ఎవరు?”

“అన్నయ్య పంపాడంట. పాపం ఎండలో నిలబడ్డాడు. మర్యాదగానే మాట్లాడుతున్నాడండి. ‘కంగారు లేదమ్మా, నిదానంగా తియ్యండి’ అంటున్నాడు.”

“దుర్గ గారూ. తలుపు తియ్యకండి.”

“అన్నయ్య పేరు చెప్పాడండి. కారు నంబరు కూడా చెప్పాడు. మీరే కదా అన్నారు, అన్నయ్యకి తెలుసని.”

ఇందాక ఆమెను కదిలించడానికి చెప్పిన అబద్ధం ఇప్పుడు ఆమె చేత గడియ తీయించబోతోంది. దాన్ని ఆపగలిగిన మాట ఒక్కటే ఉంది. ఆ మాటను ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలని ఫణిశ్రీ అనుకుంది. ఇప్పుడు మధ్యలో గోదావరి ఉంది.

“మీ అన్నయ్య ఎవరినీ పంపలేరు.”

“ఎందుకు పంపలేడండి?”

“ఆయన లేరు దుర్గ గారూ. పొద్దున్న పట్టిసీమ రేవులో చంపేశారు. చంపినవాడు ఇప్పుడు మీ గుమ్మంలో ఉన్నాడు.”

అవతల ఏ శబ్దమూ లేదు. ఆ నిశ్శబ్దంలో, దూరంగా, తలుపు అవతలి నుంచి మెత్తటి మగ గొంతు వినిపించింది. “ఎవరండీ ఫోన్లో? అన్నయ్యగారేనాండి?” ఆ తరువాత ఆ గొంతు కూడా ఆగింది. జవాబు రాకపోవడం వల్ల వాడికి కావలసిన జవాబు దొరికింది.

మొదటి దెబ్బ తలుపు మీద పడింది. ఇనుము చెక్కకు తగిలిన చప్పుడు. రెండో దెబ్బకు ఏదో పింగాణీ వస్తువు కింద పడి పగిలింది.

“వెనక తలుపు ఉంది, పెరట్లోకి,” అంది ఫణిశ్రీ.

“అటు కూడా ఎవరో ఉన్నారండి. నీడ కనిపిస్తోంది.”

అంటే వాడు ఒక్కడు కాడు. ఫణిశ్రీ విశ్వనాథ్ వైపు చూసి రెండు వేళ్ళు చూపించింది. అతను వైర్లెస్‌లో ఆ మాట అందించి, తిరిగి చూసి, అరచెయ్యి పూర్తిగా విప్పి మూడుసార్లు చూపాడు. పదిహేను నిమిషాలు.

మూడో దెబ్బ పడింది.

“దుర్గ గారూ, వింటున్నారా? పోలీసులు వస్తున్నారు. కాస్త ఆలస్యమవుతుంది.”

“వింటున్నానండి.” ఆ గొంతులో ఇందాకటి తేలికతనం పోయింది. దాని చోటులోకి భయం కూడా రాలేదు. “అన్నయ్యని బాగా హింసపెట్టారాండి?”

ఇంకొక అబద్ధం చెప్పడానికి ఫణిశ్రీకి మనసు రాలేదు.

“పెట్టారు.”

నాలుగో దెబ్బకు గడియ కొయ్య చీలింది. ఆ చీలిక ఫోనులో కూడా తెలిసింది.

“మీ ఇంట్లో కత్తిపీట ఎక్కడ ఉంటుందండి?” అని అడిగింది దుర్గ.

“వంటింట్లో. గ్యాస్ సిలిండరు వెనక.”

రిసీవరును బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. లైను తెగలేదు. ఫణిశ్రీ ఫోనును చెవికి అదుముకుని జీపు ఎక్కింది. అవతల, తలుపు ఒక్కసారిగా విరిగి లోపలికి పడింది.